ద్రాక్ష తిరునాళ్లకు పోవచ్చునా?

ఈ మాసమున మా శీర్షికకు వచ్చిన జాబులలో నొకటి జర్మనీ దేశమునుండి వచ్చినది. వ్రాసిన యువతి పుట్టినిల్లు దివిసీమలో అవనిగడ్డ దాపున నొక పల్లె, మెట్టినిల్లు గుడివాడ. భర్త యుద్యోగముకొఱకు వారిరువురును, నాలుగేండ్ల పాపయు రైను నదీతీరమందలి లూడ్విగ్స్‌హాఫెన్ పట్టణము చేరి యేడాదిన్నర యైనదట. ఆమె పేరును గురుతులును ఇచట వ్రాయను. జాబులోని ముఖ్యవిషయమును మాత్రము చదువరులకు తెలుపుట యవసరము. ఇట్టి సందేహము మన ప్రాంతమునుండి పరదేశములకు పోయిన యాడపిల్లలలో పలువురకు కలుగుచున్నదని నా తలంపు.

ఆమె యుండు మేడలో క్రింది యంతస్తున నొక వృద్ధురాలు ఒంటరిగా నివసించుచున్నది. ఇన్నాళ్లును మెట్లమీద నెదురైనప్పుడు తలయూచుటయే గాని మాటలు లేవు. మొన్న నా ముదుసలి తలుపు తట్టి, సెప్టెంబరులో బాడ్ డూర్క్‌హైమ్ అను నూర జరుగు ద్రాక్షసారాయి తిరునాళ్లకు తనతోడ రమ్మని పిలిచినదట. "ఈ దేశమున నాకు వచ్చిన మొదటి పిలుపు ఇదియే" అని ఆమె వ్రాసినది. వెళ్లవలెనని మనసున్నది. భర్తయు పోదమనుచున్నాడు. గుడివాడనున్న అత్తగారు ఫోనులో ఈ మాట విని, "సారా తిరునాళ్లకు పసిదాన్ని వెంటబెట్టుకుని పోతావటే? మన యింటా వంటా ఉందా?" అని కంట తడి పెట్టినదట. అత్తగారితో చెప్పక వెళ్లి వచ్చినచో తప్పా యని ఆమె ప్రశ్న. జాబు చివర, సంతకమునకు పైన, మఱి రెండు పంక్తులున్నవి. వానిని గూర్చి పిమ్మట చెప్పెదను.

నేను బందరు వాసురాలను. మా పెద్దమ్మాయి ఆ రైను నదికి ఆవలిగట్టున మాన్‌హైమ్ నగరమున కాపురముండగా ఒక శరదృతువున మూడు నెలలు అచట నుంటిని. ఆ తిరునాళ్లను కన్నులార జూచితిని. కావున ఆ యువతికి వ్రాయు బదులునే ఇచట ముద్రించుచున్నాను. చదువరులును తమ కూతుండ్రకు, కోడండ్రకు పనికివచ్చునేమో చూచుకొందురు గాక.

అమ్మాయీ! మొదట మీ యత్తగారి మాటనే తీసికొందము. ఆమె కన్నీటిని పాతకాలపు చాదస్తమని త్రోసివేయవలదు. మన కృష్ణాతీరమున సారా యనగా నేమో ఆమె చూచినది, నీవు చూడలేదు. కోతలై కూలి చేతికి వచ్చిన దినముననే ఆ డబ్బు పాకలో కరగిపోగా, పొయ్యిలో పిల్లి లేవని యిండ్లు ఆ తరమువారు ఎన్ని యెఱుగుదురో! 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారా దుకాణములను మూయించిరి. వారు చదువుకొన్నవారు కారు, అప్పుడప్పుడే రాత్రిబడిలో అక్షరములు దిద్దుకొనుచున్నవారు. వాచకములో త్రాగుబోతు భర్తవలన చితికిన సంసారపు కథ నొకదానిని చదివి, ఇది మన కథయే గదా యని లేచిరి. వర్ధినేని రోశమ్మ పేరు అట్లే దేశమునకు తెలిసినది. ఆ గాలి జిల్లా జిల్లాకు ప్రాకి, 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతట సారా నిషిద్ధమైనది. పిమ్మట మీ గుడివాడనుండి 1983లోను, 1985లోను శాసనసభకు ఎన్నికైన నందమూరి తారకరామారావుగారే 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమును తెచ్చిరి. అది 1997లో సడలిపోయినది. సడలినను, ఆ నాడు ఊరేగింపులో నడచిన ఆడువారి మనస్సునుండి అది సడలలేదు. మీ యత్తగారి వయస్సు లెక్కించి చూచితిని. ఆ దినములలో ఆమె నీ యీడుదై యుండును.

ఇక భాషలోని చిక్కు నొకదానిని విప్పవలెను. మన తెలుగున పులిసినది కల్లు, బట్టీపట్టినది సారా. ఈ రెంటికి భేదము మన పల్లెలలో చంటిపిల్లకైనను తెలియును. ద్రాక్షరసమునుండి వచ్చు వైనును మనవారు ద్రాక్షసారాయి యనుటచేత అది రెండవ తెగకు చెందినదను భావము కలుగుచున్నది. నిజమునకు అది మొదటి తెగ. తాటిగెలనుండి తెల్లవారుజామున దించినది తీయని నీరా. లొట్టి లోపల సున్నము పూయనిచో ఎండ యెక్కుసరికి అదియే నురగలు గ్రక్కి కల్లగును. ద్రాక్షపండ్లను పిండిన రసమును తొట్టిలో నుంచినను అంతే. పండులోని తీపిని కంటికి కనబడని మధుశిలీంధ్రము తిని, మత్తును విడచును. భేదమేమన్న, కల్లు మఱునాటికి పులిసి పాడగును. ద్రాక్షసారాయిని పీపాలలో దాచి యేండ్లతరబడి నిలుపుదురు. మత్తు మాత్రము కల్లుకంటె రెట్టింపునకు పైబడియే యుండును. ఈ సంగతి మీ యత్తగారికి చెప్పిన, ఆమె భయము పోదు గాని, భయపడుచున్నది దేనికో తేటపడును.

ఇప్పుడు తిరునాళ్ల సంగతి. దానిని అచటివారు వుర్స్ట్‌మార్క్ట్ అందురు. అనగా మాంసపు కజ్జముల సంత యని యర్థము. ద్రాక్షసారాయి తిరునాళ్లకు ఆ పేరేమని నవ్వవచ్చు. దాని పుట్టుక వినిన తరువాత నీకు మన మోపిదేవియో, మాఘపూర్ణిమనాటి హంసలదీవియో జ్ఞప్తికి రాక మానదు. ఆ యూరి వెలుపల నొక కొండపై సెయింట్ మైకేల్ పేర నొక చిన్న ప్రార్థనాలయముండెడిది. ఆయన పండుగ సెప్టెంబరు 29వ తేదీ. ఆ దినములలో కొండ యెక్కు యాత్రికులకు అమ్ముటకై చుట్టుపట్ల రైతులు రొట్టెలును, మాంసమును, తమ తోటల ద్రాక్షసారాయియు ఒంటిచక్రపు తోపుడుబండ్లమీద తెచ్చెడివారు. 1417వ సంవత్సరమునుండి ఆ సంతను లెక్కించుచున్నారు. భక్తులు తగ్గిరి, సంత మిగిలినది. నేటికిని అచట ద్రాక్షసారాయి అమ్ము చిన్న పందిళ్లు ముప్పదియాఱు గలవు. వానిని తోపుడుబండ్ల వారనియే పిలుతురు. బండి పోయి పందిరి వచ్చినను పేరు మాఱలేదు. మన బందరులో కోటయు పోయినది, దానిని గట్టిన డచ్చివారును పోయిరి. ఐనను ఆ తావును బందరుకోట యనియే అనుచున్నాము గదా, అట్లే.

తిరునాళ్లు సెప్టెంబరులో రెండు వారాంతములు జరుగును. వచ్చువారు దాదాపు ఆఱు లక్షల మందియని చెప్పుకొందురు. రంగులరాట్నములు, బాణసంచా, మిఠాయి దుకాణములు, తప్పిపోయిన పిల్లలు, వారిని వెదకు తండ్రులు: చిలకలపూడి పాండురంగని తిరునాళ్లలో నున్నవన్నియు నున్నవి, సముద్రస్నానము తప్ప. ఆ మైదానపు ప్రక్కనే ఒక మహాపీపా గలదు. 1934లో నొక పీపాల వడ్రంగి దానిని నిర్మించెను. పదునేడు లక్షల లీటర్లు పట్టునంతటిది. అందులో నొక్క చుక్కయైనను ఎన్నడును పోయలేదు. లోపల భోజనశాల నడుపుచున్నారు. నీ పాపకు అది తప్పక చూపుము. ఇల్లంత పీపాలోనికి వాకిలిగుండ నడచిపోవుటకంటె ఆ వయస్సున వింత యేమున్నది?

ఈ యుత్సవము వేడుకకొఱకే పుట్టినది గాదు, దీని వెనుక పంట యున్నది. ఆ సీమను ఫాల్ట్స్ అందురు. హార్ట్ కొండల పాదమున ఇరువదిమూడు వేల హెక్టార్లు, అనగా ఏబదియేడు వేల యెకరములు, ద్రాక్షతోటలే. మన దివిసీమలో కన్ను పోయినంత మేర వరిచేలు ఎట్లో, అచట నట్లు ద్రాక్షతీగల వరుసలు. వసంతమున చిగురుపై మంచు పడకుండవలెను. వేసవిలో వడగండ్లు పడకుండవలెను. కోతవేళ వాన రాకుండవలెను. మూడును తప్పించుకొన్న యేడు ఆ రైతు మొగము చూడవలెను! పందిరిలో నా ప్రక్కన గూర్చున్న పెద్దాయన, మా ప్రాంతమున వరి కోతకు వచ్చువేళకే తుపానులు వచ్చునని విని, చేతిలోని గ్లాసు క్రింద పెట్టి, ఎకరమునకు ఎంత నష్టము, పరిహారమెవ్వరిత్తురు, విత్తనమునకు మరల డబ్బెట్లు అని వరుసగా నడిగెను. 1977 నవంబరునాటి యుప్పెనను గూర్చి చెప్పినప్పుడు చాలసేపు మాటాడలేదు. మా అమ్మాయి ఆయన మాటలను నాకు తెనిగించుచుండెను గాని, కొన్ని మాటలు దానికిని తెలియలేదు. ఆ సీమవారి పలుకుబడి పుస్తకపు జర్మనునకు దూరము. నీవు తరగతిలో నేర్చుకొన్న భాష అచట చెల్లనిచో దిగులుపడకుము. నాగాయలంక రేవులో వాచకపు తెలుగు మాటాడిన నెట్లుండునో అట్లే యుండును.

తోటలో పండు కోయువారు ఈ పందిళ్లలో తక్కువగా కనబడుదురు. పోలండు, రుమేనియా దేశములనుండి కోతకాలమునకు కూలికి వచ్చువారు వారు. కొన్ని తోటలలో యంత్రములే కోయుచున్నవి. మన యూడ్పులకును పొరుగూళ్లనుండి ఆడుకూలీలు వచ్చుదురు, సంక్రాంతి ముగ్గులు వేయునాటికి వెళ్లిపోవుదురు. ఎచటనైనను పంట యొకరిది, పండుగ యొకరిది యగుచునే యున్నది.

మఱియొక మాటయు చెప్పకుండరాదు. ఆ తోటలగుండ పోవు ఎనుబదియైదు కిలోమీటర్ల బాటను జర్మను ద్రాక్షసారాయి బాట యందురు. నీవు పోవు ఊరు దానిమీదనే యున్నది. 1935లో నాజీల పాలనలో దానికి ఆ పేరు పెట్టి ప్రారంభోత్సవము చేసిరి. ఆ వ్యాపారమున తరతరములుగా నున్న యూదు వర్తకులను తరుముటయు ఆ దినములలోనే. నేడు ఆ బల్లలు అందఱికి తెఱచియున్నవి. ఎల్లకాలము నట్లు లేవు. అందుచేతనే నీ క్రిందియింటి ముదుసలి మెట్లెక్కివచ్చి పిలిచిన పిలుపు నాకు చిన్నదిగా తోచుటలేదు.

ఆ పందిళ్లలో నొకరికొక బల్ల యుండదు. పొడవైన చెక్కబల్లలు, ఇరువైపుల పీటలు. ఖాళీయున్నచోట, ఇచట కూర్చుండవచ్చునా యని యడిగి కూర్చుండుటయే. తెలియనివారే ఐదు నిమిషములలో మాటలు కలుపుదురు. ఒకే గ్లాసును బల్లచుట్టును త్రిప్పి తలకొక గుటక త్రాగుట కూడ వారి యాచారము. అది మనకు ఎంగిలి. నవ్వి, చేయడ్డముపెట్టి, ప్రక్కవారికి అందించిన చాలును. ఎవ్వరును నొచ్చుకొనరు. నేను మూడు గంటలు గూర్చుంటిని. నా చేతిలో ద్రాక్షపండ్ల రసమే గాని మఱొకటి లేదని బల్లమీదివారందఱును ఎఱుగుదురు. బలవంతపెట్టినవారు లేరు. ఒకామె మాత్రము, మీ దేశమున దేవుడు త్రాగవద్దనెనా, వైద్యుడు వద్దనెనా యని యడిగినది. మా యాడువారు వద్దనిరని చెప్పి దూబగుంట కథ వినిపించితిని. అటువైపు పీటమీది స్త్రీలు ముగ్గురు ఇటు జరిగి వినిరి.

ద్రాక్షరాణి సంగతి మన చదువరులకు నచ్చును. అచట ఊరూర ఏటేట నొక యువతిని ద్రాక్షరాణిగా నెన్నుకొందురు. ఇది వట్టి యందముల పోటీ యని తలంపకుడు. దేశమంతటికిని రాణిని ఎన్నుకొనుట 1949లో మొదలైనది. ఆ పోటీకి నిలుచువారిని తోటపని, తెగుళ్లు, రసము పులియు తీరు, వాణిజ్యము మొదలగువానియందు పండితులు ప్రశ్నించి పరీక్షింతురు. 2016లో ట్రియర్ నగరమున ఆ కిరీటము నీనోర్టా బానో అను యువతికి దక్కినది. ఆమె సిరియా దేశపు యుద్ధమునుండి తప్పించుకొని జర్మనీ చేరిన కాందిశీకురాలు. వచ్చిన కొలది యేండ్లకే ఆ యూరివారు తమ పంటకు ప్రతినిధిగా ఆమెను నిలిపిరి. అందఱును మెచ్చియుండరు, కొందఱు గొణగియుందురు. ఐనను కిరీటము ఆమె తలమీదనే యుండెను గదా.

ఇక ఇల్లాలు తెలిసికొనవలసిన విషయములు. అచట గ్లాసు మన గ్లాసు కాదు. గుంటలు గుంటలుగా నుండు దుబ్బెగ్లాస్ అను దానిలో అరలీటరు పట్టును. షోర్లె యని సోడానీరు కలిపి యిచ్చునది తేలికయని చెప్పుదురు. ఆ సీమవారి షోర్లెలో నీరు పేరునకే యుండును. కావున ఒక్క గ్లాసే యని యెవ్వరైన ననినచో అది అరలీటరని గుర్తుంచుకొనవలెను. ఫెడర్‌వైసర్ అను మఱియొకటి యున్నది. ఇది సగము పులిసిన క్రొత్త రసము. చూపునకు మజ్జిగతేటవలె మబ్బుగా, రుచికి తీయగా నుండును. పండ్లరసమని పొరబడి పిల్లలకిచ్చు ప్రమాదము గలదు. అందు మత్తు నూటికి నాలుగు పాళ్లు మొదలు పదివఱకు దినదినము పెరుగుచుండును. దాని సీసాకు గట్టిమూత ఉండదు, ఉన్నచో పగులును. అంగడినుండి తెచ్చువారు నిలువుగా పట్టుకొని రావలసినదే. నీవు అడుగవలసినది ట్రౌబెన్‌జాఫ్ట్. అది పులియని ద్రాక్షరసము, పిల్లలకును పెద్దలకును మంచిది. మద్యరహితమని వ్రాసియున్న బీరులో సైతము నూటికి అరపాలు మత్తు ఉండవచ్చునని అచటి నిబంధన. గర్భిణులును, పాలిచ్చు తల్లులును దానినిగూడ విడచుట మేలు. గ్లాసునకు కొంత సొమ్ము ధరావతు తీసికొందురు. మరల గ్లాసిచ్చినచో తిరిగి యిత్తురు. పాప దానిని ఇంటికి తేబోవును, చూచుకొనుము.

తిండి విషయమున మీరు మాంసాహారులో కారో జాబులో లేదు. పందిమాంసము వలదనువారు అచట జాగ్రత్తగా నుండవలెను. ఉల్లిపాయల రొట్టె యని పేరేగాని అందు పందిమాంసపు ముక్కలు వేయుట సాధారణము. బంగాళాదుంప తురుముతో వేయు అట్టు, దానిపై ఆపిలుపండ్ల గుజ్జు బాగుండును, గ్రుడ్డు కలుపుదురు. నాకు మిక్కిలి నచ్చినది డంప్ఫ్‌నూడెల్. గోధుమపిండిని పాలతో కలిపి పొంగనిచ్చి, ఉండలుచేసి, మూతబిగించిన మూకుడులో కొంచెము నూనెయు ఉప్పునీరును పోసి ఉడికింతురు. పైన మన కుడుమువలె మెత్తగా, అడుగున దిబ్బరొట్టెకువలె ఎఱ్ఱని మాడుపెచ్చు కట్టును. దానిపై వనిల్లాపాల చిక్కని పులుసు పోయుమని యడుగుము. అడుగనిచో ద్రాక్షసారాయి పులుసు పోయవచ్చును. నేను ఇంటికి వచ్చి దానిని రెండుమారులు చేసితిని. బందరు గాలి తేమకు పిండి త్వరగా పొంగును, గంట నిలుపనక్కఱలేదు.

లూడ్విగ్స్‌హాఫెన్ నుండి ఆ యూరికి నాలుగవ సంఖ్య ట్రాము పోవును. కారు వలదు. మధ్యాహ్నము పోయి దీపములు పెట్టువేళకు మరలుడు. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట ఆ బల్లలమీద నిలువబడి పాడుట, తూలుట, కేకలు మొదలగును. అది నీవు చూడవలసిన తిరునాళ్లు కాదు. దానిని కప్పిపుచ్చి మీ యత్తగారికి అంతయు దివ్యముగా నున్నదని వ్రాయుటయు నాకు సమ్మతము కాదు. ఆ దేశమునను త్రాగుడువలన చెడిన కాపురములు గలవు. పదునాఱేండ్లు నిండిన పిల్లలకు ద్రాక్షసారాయియు, బీరును అమ్మవచ్చునని అచటి చట్టము. ఆడపిల్లనో, మగపిల్లవానినో అచట పెంచుచున్న తల్లులు ఈ సంగతి పిల్లలకు పదునైదవ యేట గాదు, పదవయేటనే తెలిసి మసలుకొనవలెను.

ఇప్పుడు ఆ రెండు పంక్తులు. "మొదట ఈయన స్నేహితులతో నొక గ్లాసు పుచ్చుకొనిరి. ఇప్పుడు శుక్రవారము మొదలు ఆదివారములోపల మూడు సీసాలు ఇంటనే ఖాళీ యగుచున్నవి; అడిగినచో ఇది సారా కాదు, ఇచటి యాచారము అనుచున్నారు." అమ్మాయీ, నీవు జాబంతయు తిరునాళ్లను గూర్చి వ్రాసి, వ్రాయవలసినది సంతకమునకు పైన ఇఱికించితివి.

ఆచారమను మాటను నేను చూచినదానితో పోల్చి చెప్పెదను. ఆచారము బల్లమీద, పదిమందిలో, భోజనముతో, ఏడాదికొక తిరునాళ్లకు. మూసిన తలుపుల వెనుక, వారమువారము, ఒక్కడే కూర్చుండి సీసా తఱువాత సీసా యొంపుకొనుట ఆ యూరివారి యాచారము కాదు. ఇక లెక్క చూడుము. ముప్పాతిక లీటరు సీసాలో నూటికి పండ్రెండు పాళ్లు మత్తున్నచో, శుద్ధమైన మద్యము తొంబది మిల్లీలీటర్లు. మన యూరి దుకాణములలో క్వార్టరు అని అమ్ము నూటయెనుబది మిల్లీలీటర్ల విస్కీ సీసాలో నుండునది డెబ్బదియేడు. అనగా ఆ మూడు సీసాలు మూడు క్వార్టర్లకు మించినవి. కల్లు తెగయైనను, సారా తెగయైనను, కాలేయమునకు ఆ భేదము తెలియదు. మద్యము పుండుకఱ్ఱకు, అనగా క్యాన్సరునకు, కారణమని అంతర్జాతీయ పరిశోధనసంస్థ 1988లోనే నిర్ణయించినది. ఇంతవఱకైన క్షేమమను మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించినది.

ఈ లెక్క కాగితముమీద వేసి అతనికి చూపుము. కోపమున గాదు, శనివారము రాత్రి గాదు. మంగళవారము ఉదయము, అతడు తేరుకొని పనికి పోవుటకు ముందు. తిరునాళ్లకు పోవుటకు ముందే ఈ మాట జరుగవలెను. ఆ దినమున తానును ద్రాక్షరసమే త్రాగుదునని అతడు నవ్వుచు ఒప్పుకొన్నచో చిక్కు ముదురలేదనుకొనుము. ఒక్క దినము మానుటకే చిరాకుపడి, మాట దాటవేసినచో ఆలసింపవలదు. ఆ దేశమున కారితాస్, డియాకొనీ అను ధర్మసంస్థలు ఊరూర నడుపు సలహా కేంద్రములు గలవు. వానిలో సొమ్ము పుచ్చుకొనరు, రహస్యము బయలుపెట్టరు. త్రాగువాడే రానక్కఱలేదు, భార్య ఒక్కతెయు పోయి మాటాడవచ్చును. మీ కుటుంబవైద్యుడును చెప్పిన మాట నితరులకు చెప్పరాదను చట్టమునకు కట్టుబడినవాడే. వీసాకు గాని, ఉద్యోగమునకు గాని దీనివలన చిక్కు వచ్చునని భయపడి ఊరకుండు స్త్రీలను కొందఱను అచట చూచితిని. వైద్యునికి చెప్పినది యజమానికి చేరదు.

అత్తగారితో చెప్పక పోవచ్చునా యంటివి. చెప్పియే పొమ్ము. దాచిన ఫొటో ఎవరో యొకరి ఫోనులో బయటపడును; అప్పుడు నీ చేతిలో ద్రాక్షరసమున్నదన్న మాటను ఎవ్వరు నమ్ముదురు? ఫోనులో ఇట్లనుము: "అత్తయ్యా, క్రింది యింటి మామ్మగారు పిలిచారు. ఇక్కడ నన్ను పిలిచిన మొదటి మనిషి ఆవిడ. ద్రాక్ష కోతల పండుగ. పాపా నేనూ పళ్లరసం తాగి చీకటిపడకముందే వస్తాం. అక్కడినుంచే మీకు ఫోను చేసి చూపిస్తాను." చూపుము. పీపా చూపుము, రంగులరాట్నము చూపుము, ముదుసలిచేత ఒక మాట మాటాడింపుము. భాష రాకపోయిన నేమి? ఇరువురును అత్తలే. కొడుకు సంగతి మాత్రము ఆ ఫోనులో ఎత్తవద్దు. అది ముందు మీ యిద్దఱి నడుమ తేలవలెను. తేలనినాడు ఆమెయే నీకు గట్టి అండ. సారాను గూర్చి ఆమెకున్న తెలివి నాకును లేదు, నీకును లేదు.

పిలిచినవారింటికి ఏమి తీసికొనిపోవలెనని కూడ నడిగితివి. తిరునాళ్లలోనికి గాదు, ముందునాడే ఆమె గుమ్మములో ఇచ్చి రమ్ము. కారము తగ్గించి, వాము వేసి చేగోడీలు చేయుము. వరిపిండి అచటి ఆసియా దుకాణములలో దొరకును. నువ్వులు వేసినచో వారు మఱింత యిష్టపడుదురు. మిఠాయి పంపదలచినచో బందరు లడ్డు కంటె సున్నుండలు మేలు, పదిదినములు నిలువయుండును. డబ్బామీద ఏమేమి వేసితివో జర్మనులో వ్రాసి అతికింపుము. ఆ వయస్సువారిలో కొందఱకు జీడిపప్పు పడదు.